జీతానికి సేవకురాలు, నోటికి ఉద్యోగి

ఆర్మూరు దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న ఒకామె ప్లాస్టిక్ కవరులో దాచుకున్న రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. అది 2023 అక్టోబరు. తెలంగాణ అంగన్‌వాడీ ఉద్యోగుల సమ్మె ముగిసి అప్పటికి పట్టుమని పదిరోజులు కాలేదు. మొదటి కాగితం ఆ సమ్మెకు సంబంధించింది. వెంటనే పనిలో చేరకపోతే చర్య తీసుకుంటామన్న నోటీసు. రెండోది అంతకు నాలుగేళ్ళ ముందుది, మడతల దగ్గర చిరిగిపోయింది. 2019 ఫిబ్రవరిలో మామిడిపల్లి చౌరస్తాలో పసుపు, ఎర్రజొన్న రైతులు రాస్తారోకో చేసినప్పుడు ఆమె కూడా వెళ్ళి రోడ్డు మీద కూచుంది. ఆ ఫోటో ఎవరో పైకి పంపారు. బాధ్యత గల పనిలో వుంటూ రాజకీయ కార్యక్రమంలో ఎందుకు పాల్గొన్నావో సంజాయిషీ ఇవ్వమని ఆ కాగితం సారాంశం.

నేను పసుపు పంటలో ఆడవాళ్ళ శ్రమ గురించి వివరాలు సేకరించడానికి వెళ్ళాను. ఆమె ఆ మాటలు పక్కన పెట్టి నన్నే ఒక ప్రశ్న అడిగింది. "నేను సర్కారు మనిషినా, కాదా? ముందుగాల ఆ ముక్క తేల్చి చెప్పుండ్రి మేడం. జీతం పెంచుమంటె నువ్వు నౌకరుదానివి గాదంటరు. రోడ్డు మీద కూసుంటె సర్కారు నౌకరి చేసుకుంట గిట్ల కూసుంటవా అంటరు. రెండిట్ల ఏదో ఒకటి అనుమనుండ్రి."

సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన నాకు ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి నిబంధనలు, తీర్పులు తిరగేశాక తెలిసింది, జవాబు దొరకకపోవడం నా అజ్ఞానం వల్ల మాత్రమే కాదని. ప్రభుత్వ ఉద్యోగులకు రాజకీయాలు వుండకూడదన్న నియమాన్ని మనమంతా సహజమైనదిగా, న్యాయమైనదిగా అంగీకరించేశాం. ఆ నియమం ఎవరి కోసం పుట్టింది, ఎవరి మీద పనిచేస్తోంది అన్న ప్రశ్న స్త్రీ సంఘాలుగా మనం ఎప్పుడూ గట్టిగా వేసుకోలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసం.

ముందు నియమం ఏమంటుందో చూద్దాం. మన రాష్ట్రంలో దీనికి ఆధారం 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి. తెలంగాణ ఏర్పడిన తరవాత కూడా అదే కొనసాగింది. అందులో 19వ నియమం ప్రకారం ప్రభుత్వోద్యోగి రాజకీయ పార్టీలో సభ్యత్వం తీసుకోకూడదు, రాజకీయ ఉద్యమంలో పాల్గొనకూడదు, చందా ఇవ్వకూడదు, మరే విధంగానూ సహాయం చెయ్యకూడదు. 17వ నియమం ప్రభుత్వ విధానాన్ని విమర్శించకూడదంటుంది. ఓటు వెయ్యచ్చు, ఎవరికి వేస్తున్నదీ సూచనగానైనా చెప్పకూడదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అదే 1964లో వచ్చిన నియమావళిలో 5వ నియమం ఇలాంటిదే.

ఈ నియమాలకు హద్దులు లేకపోలేదు. ఉద్యోగంలో చేరినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోగొట్టుకోడని సుప్రీం కోర్టు 1962లోనే, బీహారు ఉద్యోగుల కేసులో, చెప్పింది. ప్రదర్శనలన్నిటినీ గంపగుత్తగా నిషేధించిన నియమాన్ని కొట్టేసింది. సమ్మె దగ్గరికి వచ్చేసరికి మాత్రం కోర్టు వెనక్కి తగ్గింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం లక్షకు పైగా ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో తొలగించినప్పుడు, సమ్మె చేసే హక్కు చట్టపరంగానూ లేదు, నైతికంగానూ లేదంది. మళ్ళీ 2020లో త్రిపుర హైకోర్టు మంచి మాట చెప్పింది. మత్స్యశాఖలో పనిచేసే ఒక మహిళా ఉద్యోగిని, ఒక పార్టీ సభకు వెళ్ళిందనీ ఫేస్‌బుక్కులో ఏదో రాసిందనీ, పదవీ విరమణకు కొద్దిరోజుల ముందు సస్పెండు చేశారు. సభకు వెళ్ళడం వేరు, రాజకీయాల్లో పాల్గొనడం వేరు, ఉద్యోగికీ భావప్రకటన స్వేచ్ఛ వుంది అని హైకోర్టు ఆమె పక్షాన నిలిచింది. ఈ తీర్పు మన కార్యకర్తలందరికీ తెలియాలి.

అయితే మా ఆర్మూరు టీచరు ఈ లెక్కలో ఎక్కడుంది? ఈ నియమాలన్నీ 'ప్రభుత్వోద్యోగి' గురించి. ఐసిడిఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైన నాటి నుంచీ అంగన్‌వాడీ కార్యకర్త 'గౌరవ కార్యకర్త'. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. తెలంగాణలో 2021 పెంపు తరవాత టీచరుకు నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800 రూపాయలు. 2017లో పేరు మార్చి 'టీచరు' అన్నారు గానీ టీచరు స్కేలు ఇవ్వలేదు. 2006లో కర్ణాటక కేసులో సుప్రీం కోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలు సివిల్ పోస్టులో వున్నవారు కారనీ, వారిది ప్రభుత్వోద్యోగం కాదనీ తేల్చింది. 2022లో గుజరాత్ కేసులో అదే కోర్టు కొంత న్యాయం చేసింది. వాళ్ళకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందనీ, వాళ్ళు చేసేది పూర్తికాలపు పనేననీ ఒప్పుకుంది. 2023లో సమ్మెకు దిగిన తెలంగాణ అంగన్‌వాడీల కోరికల్లో ఈ గ్రాట్యుటీ కూడా ఒకటి. కోర్టు ఇచ్చినదాన్ని తెచ్చుకోవడానికి మళ్ళీ రోడ్డెక్కాలి.

తర్కం ప్రకారం చూస్తే ఉద్యోగి కాని మనిషికి ఉద్యోగి నియమాలు వర్తించకూడదు. ఉద్యోగ భద్రత లేదు, పెన్షను లేదు, స్కేలు లేదు. వాటికి బదులుగా కనీసం నోరైనా తనది కావాలి. కానీ జరుగుతున్నది వేరు. మన రాజ్యం ఆమెను అవసరాన్ని బట్టి రెండు విధాలుగా పిలుస్తుంది. ఇచ్చేటప్పుడు ఆమె సేవాభావంతో వచ్చిన ఊరి తల్లి. అడిగినప్పుడు, ఎదిరించినప్పుడు ఆమె ప్రభుత్వ యంత్రాంగంలో భాగం.

ఎన్నికల పనే చూడండి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద ఓటర్ల జాబితా పనికి బూత్ స్థాయి అధికారుల్ని నియమిస్తారు. ఆ పనికి తీసుకునేవాళ్ళలో అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు. ఆ పనిలో వున్నంతకాలం వాళ్ళు ఎన్నికల సంఘం అదుపులో వున్నట్టే లెక్క. 2019 ఏప్రిల్ 11న జరిగిన నిజామాబాద్ లోక్‌సభ ఎన్నిక మీకు గుర్తుండే వుంటుంది. మొత్తం 185 మంది అభ్యర్థులు, వాళ్ళలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగు కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. ఆ ఎన్నికకి మా టీచరు ఇల్లిల్లూ తిరిగి ఓటరు చీటీలు పంచింది. రెండు నెలల కిందట ఏ ఉద్యమంలో కూచున్నందుకు ఆమె సంజాయిషీ రాసిందో, ఆ ఉద్యమమే ఎన్నికల్లో నిలబడితే దానికి ఓట్ల చీటీలు మోసింది. ఎన్నికల అధికారిగా ఆమెను నమ్మారు, రైతుగా నమ్మలేదు.

రైతుగా అన్న మాట కావాలనే రాశాను. ఆమె తన సంజాయిషీలో, నేను రాజకీయానికి పోలేదు, నా పసుపుకు ధర కోసం పోయాను అని రాసిందట. దానికి వచ్చిన ప్రశ్న: పట్టా నీ పేర ఉందా? లేదు. రెండెకరాలూ భర్త పేరనే వున్నాయి. కాబట్టి రైతు ఆయన, ఉద్యోగి ఈమె. విత్తనం కొమ్ము నాటడం దగ్గర్నుంచి తొమ్మిది నెలల పంటలో కలుపు తియ్యడం, తవ్వినప్పుడు ఏరడం, కొమ్ములు విరవడం, ఉడికినదాన్ని కళ్ళంలో ఆరబోసి తిరగెయ్యడం, ఈ పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల మీదే నడుస్తుంది. ఆర్మూరు చుట్టుపక్కల జనవరి నుంచి మార్చి దాకా ఆడవాళ్ళ అరచేతుల పచ్చదనం సబ్బుకు పోదు. క్వింటాలు పసుపుకు పదిహేను వేలు, ఎర్రజొన్నకు మూడువేల అయిదు వందలు ఇవ్వాలన్నది ఆనాటి కోరిక. ఆ ధర వస్తే ఆమె ఇంటి అప్పు తీరుతుంది. దాని కోసం కూచోవడం రాజకీయమైతే, ఆమె బతుకే రాజకీయం. రాజకీయాల నుంచి ఆమెను దూరంగా వుండమనడం అంటే తన పొలం నుంచి దూరంగా వుండమనడమే.

ఆ ఉద్యమం ఫలితం ఏమైందో కూడా చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ఏర్పాటు ప్రకటించింది. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. బోర్డు వల్ల ధర నిలుస్తుందా అన్నది వేరే చర్చ. రోడ్డు మీద కూచున్నవాళ్ళ మాట ఢిల్లీ దాకా వెళ్ళిందన్నది మాత్రం నిజం. కూచున్నవాళ్ళలో మగరైతు ఉద్యమకారుడయ్యాడు. పక్కనే కూచున్న ఆమె క్రమశిక్షణ తప్పిన మనిషి అయింది.

ఇక్కడ రెండు సమ్మెల్ని పక్కపక్కన పెట్టి చూడాలని నాకనిపిస్తుంది. 2011 సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24న ముగిసిన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. ఎన్జీవోలు, ఉపాధ్యాయులు, ఆర్టీసీ, సింగరేణి కార్మికులు అందరూ పనులు ఆపారు. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది నూటికి నూరుపాళ్ళూ రాజకీయ కోరిక. 19వ నియమం ప్రకారం చూస్తే అంతకంటే పెద్ద ఉల్లంఘన వుండదు. 1969లో ఇదే కోరిక కోసం నిలబడిన తెలంగాణ ఎన్జీవోల నాయకుడు కె.ఆర్. ఆమోస్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2011 నాటికి కాలం మారింది. రాష్ట్రం వచ్చాక 2014లో కొత్త ప్రభుత్వం ఉద్యోగులకు తెలంగాణ ఇంక్రిమెంటు ఇచ్చింది. ఉద్యోగ సంఘాల నాయకుల్లో స్వామిగౌడ్ శాసనమండలి అధ్యక్షుడయ్యాడు, శ్రీనివాస్ గౌడ్ శాసనసభ్యుడై తరవాత మంత్రి అయ్యాడు. ఆ సమ్మెను నేనూ సమర్థించాను, ఇవాళ్టికీ అది న్యాయమైందనే అంటాను. నా ప్రశ్న దాని మీద కాదు.

రెండో సమ్మె ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలది. 2023 డిసెంబరు 12న మొదలై 2024 జనవరి 22 దాకా నడిచింది. అదీ 42 రోజులే. కోరికలు జీతం, గ్రాట్యుటీ. రాజకీయం ఏమీ లేదు. జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ సేవల్ని అత్యవసర సేవలుగా ప్రకటించి ఎస్మా ప్రయోగించింది. చివరికి తొలగింపు ఉత్తర్వుల దాకా వెళ్ళింది. జీతం దగ్గర వాళ్ళు ఉద్యోగులే కారు. మానేస్తే మాత్రం రాష్ట్రం ఆగిపోయేంత అత్యవసరమైనవాళ్ళు. అత్యవసరమైన పనికి గౌరవ వేతనం ఏమిటని అడిగినవాళ్ళకి సమాధానం లేదు. రెండు సమ్మెల్లోనూ రోజులు సమానం. మొదటిదాని నాయకులు చట్టసభకు వెళ్ళారు. ఆ దారిన చట్టసభకు వెళ్ళిన ఒక్క అంగన్‌వాడీ టీచరు పేరు గానీ ఆయా పేరు గానీ నాకు గుర్తుకు రాదు.

పైమెట్టు మీద నియమం ఎంత మెత్తగా వుంటుందో చూడాలంటే జిల్లా కలెక్టరు కుర్చీ చూడాలి. 2021 నవంబరు 15న సిద్దిపేట కలెక్టరు పి. వెంకట్రామిరెడ్డి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాడు. వెంటనే అధికార పార్టీ తరఫున శాసనమండలికి అభ్యర్థి అయ్యాడు. అది చట్టవిరుద్ధం కాదు. పెద్ద పదవుల్లో వున్నవాళ్ళు విరమించాక కొంతకాలం పోటీ చెయ్యకుండా నిబంధన పెట్టాలని వేసిన పిటిషనును 2022లో సుప్రీం కోర్టు కొట్టేసింది, అది చట్టసభ చూసుకోవాల్సిన విషయమంది. జిల్లా మొత్తం మీద అధికారం వున్న మనిషి వారం తిరక్కుండా పార్టీ అభ్యర్థి కావచ్చు. ముప్ఫైమంది పిల్లలకు గుడ్డు, పాలు ఇచ్చే మనిషి ఒక పూట రోడ్డు మీద కూచోకూడదు. తటస్థత అన్నది అధికార దుర్వినియోగాన్ని ఆపడానికైతే ఈ రెండింటిలో దేన్ని ముందు ఆపాలి?

ఏది రాజకీయం అన్నది కూడా పైనుంచే తేలుతుంది. ప్రభుత్వోద్యోగులు ఆర్‌ఎస్‌ఎస్ కార్యక్రమాల్లో పాల్గొనకూడదని 1966 నుంచీ కేంద్రంలో వున్న ఆదేశాన్ని 2024 జూలైలో ఎత్తేశారు. ఒక ఉత్తర్వుతో నిన్నటిదాకా రాజకీయమైంది ఇవాళ కాకుండా పోయింది. అంగన్‌వాడీ సంఘం జెండా మాత్రం ఎప్పుడూ రాజకీయమే. ఊళ్ళో చూస్తే మా నిజామాబాద్ జిల్లా గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. వీటికి చట్టబద్ధత లేదు. కులపెద్దలు, మగవాళ్ళు కూచుని ఊరి పంచాయితీలు తీరుస్తారు, జరిమానాలు వేస్తారు, మాట వినని కుటుంబాల్ని వెలివేస్తారు. ఆ కమిటీ మీటింగులో ఉద్యోగస్తుడైన మగవాడు కూచుంటే దాన్నెవరూ రాజకీయం అనరు, ఊరి పని అంటారు. వెలికి వ్యతిరేకంగా టీచరమ్మ నోరు విప్పితే నీకెందుకమ్మా రాజకీయాలు అంటారు.

ఈ నియమావళిలో మనం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన వాక్యం ఇంకొకటి వుంది. తన కుటుంబ సభ్యులెవరైనా ప్రభుత్వాన్ని కూలదోసే స్వభావం గల ఉద్యమంలో పాల్గొనకుండా ఆపడానికి ఉద్యోగి ప్రయత్నించాలి, ఆపలేకపోతే ఆ విషయం ప్రభుత్వానికి తెలియజెయ్యాలి. రాసినవాళ్ళ మనసులో ఉద్యోగి అంటే ఇంటి యజమాని, కుటుంబ సభ్యులంటే అతని అదుపులో వుండే భార్యాపిల్లలు. రాజ్యం తన కాపలా పనిని ఇంట్లో భర్తకి అప్పజెప్పింది. కాగితం మీద అది 'కూలదోసే' ఉద్యమాలకే వర్తిస్తుంది. ఇంట్లో అది అన్నిటికీ వర్తిస్తుంది. 1992లో మా ఊళ్ళో ఆడవాళ్ళు సారా పాటలు ఆపడానికి కదిలినప్పుడు మా అమ్మ కూడా చెంగు బిగించింది. మా నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. "నా ఉద్యోగం పోగొడతావా?" అన్నాడు. అమ్మ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఆయన ఉద్యోగం పోయేది కాదని నాకిప్పుడు తెలుసు. ఆయనకి తెలియదు. తెలియకపోవడమే ఆ నియమానికి బలం. ఎందరి గడపల దగ్గర ఇలా చెప్పులు విప్పించిందో లెక్క కట్టినవాళ్ళు లేరు.

ఇంతవరకు చదివినవాళ్ళకి ఒక సందేహం రావాలి, రావడం న్యాయం. ఈ నియమం ఎత్తేస్తే అంగన్‌వాడీల్ని పార్టీలు తమ కార్యకర్తలుగా మార్చుకోవా? పాలపొడి, గుడ్లు, ఓటర్ల జాబితా చేతిలో వున్న మనిషి ఒక పార్టీ మనిషైతే పేద తల్లుల గతేమిటి? సందేహం నిజమైనదే. కానీ ఇప్పుడేం జరుగుతోంది? మంత్రిగారి సభ వుంటే ఊరికి ఇంతమందిని తీసుకురావాలని అంగన్‌వాడీలకి, ఆశాలకి, మహిళా సంఘాల లీడర్లకి నోటిమాటగా చెప్పడం మీలో చాలామంది కళ్ళారా చూసిందే. కాగితం వుండదు. రానన్నవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడో రాసుకుంటారు. అక్కడ 19వ నియమం ఎవరికీ గుర్తుకు రాదు. అంటే ఆమెను రాజకీయాల నుంచి ఈ నియమం కాపాడటం లేదు. ఆమె తనంతట తాను ఎంచుకునే రాజకీయాల నుంచి మాత్రమే ఆపుతోంది. వాడుకోవడానికి అడ్డు లేదు, వాడుకోవద్దనడానికి అడ్డుంది.

ఇతర దేశాల్లో ఈ సమస్యను మరోలా ఆలోచించారు. బ్రిటన్‌లో 1949లో మాస్టర్‌మన్ కమిటీ ఉద్యోగుల్ని వాళ్ళ చేతిలోని అధికారాన్ని బట్టి విడగొట్టి చూసింది. విధానాలు తయారుచేసే పై అధికారులకు కట్టుదిట్టమైన నిషేధం, కింది స్థాయి శ్రామిక ఉద్యోగులకు స్వేచ్ఛ అన్నది దాని సారం. అమెరికాలో 1939 నాటి హాచ్ చట్టాన్ని 1993లో సడలించి, పనివేళల బయట చాలామంది ఫెడరల్ ఉద్యోగులు పార్టీల్లో పనిచెయ్యడానికి వీలిచ్చారు, కొన్ని కీలకమైన శాఖల వాళ్ళని మాత్రం మినహాయించారు. వాళ్ళు మనకి గురువులని కాదు. అధికారం ఎంతో ఆంక్ష అంత అన్న సూత్రం మాత్రం తీసుకోదగింది. మనదగ్గర అది తలకిందులైంది. ఆంక్ష పైనుంచి కిందికి జారుతూ, ఏ అధికారమూ లేని స్త్రీ దగ్గర బరువంతా దించుతుంది.

పంచాయతీల సంగతి తీసుకుంటే ఈ నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ మూడోవంతు స్థానాలిచ్చింది, మన రాష్ట్రాల్లో అది సగమైంది. సర్పంచి భర్తల పెత్తనం గురించి మనం ఎన్నో సదస్సులు పెట్టాం. చదువుకున్న, ఊరి సంగతులు తెలిసిన ఆడవాళ్ళు దొరకడం లేదని వాపోయాం. ఊళ్ళో పదో తరగతి చదివి, ప్రతి ఇంటి గడపా ఎక్కి, ఏ బిడ్డ బరువు తగ్గిందో ఏ కోడలి వంటి మీద దెబ్బలున్నాయో తెలిసిన మనిషి ఎవరు? స్థానికురాలై వుండాలన్న షరతుతో అంగన్‌వాడీలో పెట్టిన ఆ మనిషే. మా టీచరుకు 2019 జనవరి పంచాయతీ ఎన్నికల్లో నిలబడమని ఊరి ఆడవాళ్ళు చెప్పారట. అడిగితే, రాజీనామా చేసి పొమ్మన్నారు. గెలిస్తే అయిదేళ్ళు, ఓడితే మొత్తానికే పోతుంది. ఇద్దరు ఆడపిల్లల చదువు నెత్తిన పెట్టుకుని ఆ పందెం ఆమె కాయలేకపోయింది. ఆమె స్థానంలో ఎవరో పెద్దమనిషి భార్య పేరు వచ్చింది.

ఇక మన గురించి. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తారు. మనం మన ఫీల్డు కార్యకర్తలకి చెప్పేదేమిటి? మనది రాజకీయ సంస్థ కాదు, ఏ జెండా కిందా కూచోకండి, నిధులకు ఇబ్బంది. వాళ్ళకిచ్చేది కూడా గౌరవ వేతనమే. విదేశీ నిధుల చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు బందు, రాస్తారోకో లాంటివి చేసే సంస్థల్ని రాజకీయ స్వభావం గలవిగా లెక్కగట్టడానికి వీలిచ్చాయి. నిజమే, ఆ భయం వూరికే పుట్టింది కాదు. కానీ 2020 మార్చిలో సుప్రీం కోర్టు ఆ నియమాన్ని కుదించి, పార్టీ ప్రయోజనం లేకుండా ప్రజల హక్కుల కోసం చేసే ఆందోళనకు మద్దతివ్వడం సంస్థను రాజకీయ సంస్థగా మార్చదని చెప్పింది. ఈ తీర్పు మన ఆఫీసు గోడల మీద ఎందుకు లేదు? మనం కూడా ఆ తలకిందుల మెట్ల మీదే నిలబడి వున్నాం కనకనేమో. నేను ఈ వ్యాసం నా పేరుతో రాయగలుగుతున్నాను. నాకు మెమో రాదు. ఎవరి అనుభవంతో రాస్తున్నానో ఆమె పేరు మాత్రం రాయలేకపోతున్నాను.

కాబట్టి మనం అడగాల్సినవి కొన్ని వున్నాయి. గౌరవ వేతనం మీద పనిచేసేవాళ్ళెవరికీ ఉద్యోగుల రాజకీయ నిషేధాలు వర్తించవని ప్రభుత్వం రాతపూర్వకంగా ప్రకటించాలి. వర్తించాలనుకుంటే వాళ్ళని ముందు ఉద్యోగులుగా గుర్తించి స్కేలు, పెన్షను, సమ్మె చర్చల హక్కు ఇవ్వాలి. రెంటికీ మధ్య వేలాడదియ్యడం కుదరదు. పంచాయతీకి పోటీచేసే అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు రాజీనామా బదులు సెలవు ఇవ్వాలి, పదవీకాలం తరవాత తిరిగి పనిలోకి రానివ్వాలి. పార్టీ సభలకు రమ్మని నోటిమాటగా ఆదేశించడాన్ని శిక్షించదగ్గ తప్పు చెయ్యాలి, రాననడానికి ఆమెకు హక్కుండాలి. కుటుంబ సభ్యుల్ని ఆపాలన్న వాక్యం నియమావళి నుంచి పోవాలి. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

మెమోలు వస్తే దాచిపెట్టుకోకుండా మన సంఘాల దగ్గరికి తీసుకురమ్మని చెప్పడం మనమే రేపటి నుంచి చెయ్యగలిగిన పని. ఏ నియమం కింద ఇచ్చారో చెప్పమని తిరిగి రాతపూర్వకంగా అడగాలి. మా టీచరు తరఫున అడిగించాం. ఇప్పటిదాకా జవాబు రాలేదు. కానీ ఆ తరవాత మళ్ళీ మెమో కూడా రాలేదు.

కిందటి పసుపు కాలంలో మళ్ళీ వెళ్ళాను. కేంద్రం మూసే వేళయింది. ఆయా గిన్నెలు కడుగుతోంది. టీచరు రిజిస్టరు మూసి పొలానికి బయల్దేరుతూ, "అక్కా, ఈసారి ధర కోసం ధర్నా అయితే నేను పోత" అంది. నేనేమీ అనకముందే నవ్వింది. "నౌకరి కాదన్నరు గద. కానిదానికి భయమెందుకు?"